మెరిసేది కొనాలా, పనికొచ్చేది కొనాలా: కారు సామాను ఎంచుకునేటప్పుడు నేను చూసేవి

ఆ రాత్రి వానలో మా కారు ముందు టైరు పంక్చరైంది. వెనక సీట్లో అమ్మ, నా పక్కన అక్క కొడుకు. స్టెప్నీ బాగానే ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. జాకీ ఎత్తే ముందు నట్లు కాస్త వదులు చేద్దామని 19 నంబరు పానా పెడితే ఎక్కలేదు. ఇంకో నట్టుకు పెట్టాను, అదీ ఎక్కలేదు. వాడు గొడుగు పట్టుకుని వంగి చూస్తూ, "మామయ్యా, వేరే కారు పానా తెచ్చామా?" అన్నాడు. "లేదురా, పానా మనదే. నట్లే ఉబ్బిపోయాయి" అన్నాను.

ఆ నట్లు రెండేళ్ల ముందు నేనే మార్చాను. కంపెనీ ఇచ్చినవి నల్లగా, తుప్పు మచ్చలతో ఉన్నాయని తీసేసి, అద్దంలా మెరిసేవి వేశాను. అవి లోపల మామూలు ఇనుప నట్లే. పైన పల్చటి మెరిసే రేకు టోపీ తొడిగి, అంచు నొక్కేసి ఉంటుంది. ఆ అంచు సందులోంచి నీళ్లు దిగి, లోపలి ఇనుము తుప్పు పట్టింది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రేకు పైకి ఉబ్బింది. 19 ఎక్కదు, 20 పెడితే జారుతుంది. సుత్తితో కొట్టి పానా ఎక్కిస్తే ఒక నట్టుకు టోపీ మొత్తం చిరిగి ఊడొచ్చింది. లోపలున్న అసలు నట్టు చిన్నది, దాని మీద 19 పానా ఊరికే తిరిగింది. నాలుగు నట్లు విప్పడానికి గంటన్నర పట్టింది. అమ్మ ఒక్క మాట అనలేదు కానీ, ఆ గంటన్నర పక్క నుంచి లారీలు పోతుంటే నాకు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కార్లకు విడి సామాను బిగించే పనిలో 18 ఏళ్లుగా ఉన్నాను. క్రోమ్ అంటే నాకు ఇష్టమే. కడిగిన కారు మీద సన్నటి క్రోమ్ గీత ఎండలో మెరుస్తుంటే చూడటానికి బాగుంటుంది, ఆ ముచ్చట తప్పని నేను అనను. కానీ ఆ రాత్రి తర్వాత ఏ సామాను చేతికి తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటైంది. ఇది పీకేస్తే కారుకు ఏం తగ్గుతుంది? ఇది బిగిస్తే కారులో ఏ భాగాన్ని ఇది కప్పేస్తుంది?

మొదటి ప్రశ్నకు "అందం మాత్రమే తగ్గుతుంది" అని జవాబు వస్తే అది అలంకారం. అలంకారమైనా సరే, రెండో ప్రశ్నకు "దేన్నీ కప్పదు, కింద ఉన్నది ఉత్త రేకు" అని వస్తే నిశ్చింతగా వేసుకోండి. దాని కింద పనిచేసే భాగం ఏదైనా ఉంటే మాత్రం ఆగాలి. నట్టు పనిచేసే భాగం. దాని మీద టోపీ తొడగడమే నేను చేసిన తప్పు.

క్రోమ్ అంటే అసలు ఏమిటి

చాలామంది క్రోమ్ ముక్కంటే క్రోమియంతో చేసిన ముక్క అనుకుంటారు. కారు గ్రిల్లూ, తలుపు మీద పట్టీలూ ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్. దాని మీద ముందు రాగి పొర, ఆ పైన నికెల్ పొర, చిట్టచివర క్రోమియం పొర వేస్తారు. ఆ చివరి పొర ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు. మన తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఎంత పల్చనో చూడండి. మనకు కనిపించే మెరుపులో ఎక్కువ భాగం కింద ఉన్న నికెల్‌దే. క్రోమియం దానికి ఆ నీలి ఛాయ ఇచ్చి, నికెల్ పసుపెక్కకుండా కాపాడుతుంది.

ఈ సంగతి తెలిస్తే క్రోమ్ ఎందుకు పాడవుతుందో తెలుస్తుంది. ఆ పల్చటి పొరలో కంటికి కనపడని చిల్లులు ఉంటాయి. తేమ, ఉప్పు గాలి, ఆసిడ్ ఉన్న చక్రాల క్లీనర్లు ఆ చిల్లుల్లోంచి దిగి కింది పొరల్ని తింటాయి. కొన్నాళ్లకు తెల్లటి చుక్కలు, ఆ తర్వాత పొక్కులు, చివరికి గోరు పెడితే లేచొచ్చే పెచ్చులు. లేచిన పెచ్చు అంచు బ్లేడులా ఉంటుంది. కారు తుడుస్తూ వేలు కోసుకున్నవాళ్లను చూశాను.

ఇదే క్రోమియం ఇంకోచోట ఎంత గట్టి పని చేస్తుందో మీ కారులోనే చూడొచ్చు. షాక్ అబ్జార్బర్ లోంచి పైకీ కిందకీ ఆడే రాడ్డు మెరుస్తుంది కదా, అదీ క్రోమే. కానీ అక్కడ దాదాపు 20 మైక్రాన్ల మందాన, గట్టిగా ఉండేలా వేస్తారు. ఆయిల్ సీలు దాని మీద కొన్ని లక్షలసార్లు రుద్దుకున్నా అరగకూడదు, గీత పడకూడదు. అక్కడ క్రోమ్ వేసేది మెరవడం కోసం కాదు. ఆ రాడ్డు మీద మెరుపు పోయి గరుకు తగిలితే సీలు కోసుకుపోయి ఆయిల్ కారుతుంది. అందుకే మెరిసేదంతా సోకనీ, నల్లగా ఉన్నదంతా పనిముట్టనీ గీత గీయడం కుదరదు.

కొనేముందు ముక్కను తిరగేసి చూడండి. వెనకవైపు అచ్చు పోసిన ప్లాస్టిక్ గరుకుగా, అంచులు కోసినట్టుగా ఉంటే ముందువైపు పనీ అలాగే ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే అందులో లైటు నీడ తిన్నగా గీతలా నిలవాలి. అలలు అలలుగా వంకర పోతే అది మంచి ప్లేటింగ్ కాదు, లేదా మెరుపు రంగు కొట్టిందో, ఫిల్మ్ అంటించిందో అయి ఉంటుంది. పూత వేసిన ముక్కను అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే కింద ఇనుము ఉన్నట్టు. అలాంటిది గీత పడితే ఎర్ర తుప్పు వస్తుంది, ప్లాస్టిక్ దానికి రాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు దొరికితే నేను వాటివైపే మొగ్గుతాను. అందులో క్రోమియం పైపూత కాదు, లోహంలోనే కనీసం పదిన్నర శాతం కలిసి ఉంటుంది. గీత పడినా పెచ్చు లేవదు, పాలిష్ పెడితే మళ్లీ తేరుకుంటుంది.

ఎక్కడ వేసుకోవచ్చు, ఎక్కడ వద్దు

కిటికీ అద్దాల కింద నడిచే పట్టీ, డిక్కీ మూత మీద గీత, తలుపు కింది అంచు, సైలెన్సర్ చివర గొట్టం. వీటికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. సైలెన్సర్ చివర వేసేది గొట్టం నోటిని సన్నం చేయకూడదు, క్లాంపు గట్టిగా ఉండాలి, బంపర్ ప్లాస్టిక్‌కు తగలకూడదు. అంతే.

తలుపు హ్యాండిల్ తొడుగుల దగ్గర మాత్రం నేను ఎవరికైనా వద్దనే చెప్తాను. అందరికంటే ఎక్కువ అడిగేది అవే. హ్యాండిల్ మీద చేయి పెడితే తెరుచుకునే కార్లలో ఆ హ్యాండిల్ లోపల చేతి స్పర్శను పసిగట్టే సెన్సరూ, తాళానికి సంబంధించిన యాంటెన్నా ఉంటాయి. వాటి మీద లోహపు పూత ఉన్న తొడుగు వేస్తే చేయి పెట్టినా దానికి తెలియదు. మా అక్క కారుకు అలాగే వేశాను. నాలుగో రోజు ఫోన్ చేసి, "తమ్ముడూ, బ్యాగులో తాళం ఉంది, తలుపు నాలుగుసార్లు పట్టుకుంటే ఒకసారి తెరుచుకుంటోంది, బ్యాటరీ మార్చాలా?" అంది. బ్యాటరీ కొత్తదే. తొడుగు తీశాక మామూలుగా తెరుచుకుంది. తీసినప్పుడు ఇంకోటి కనిపించింది. తొడుగుకీ హ్యాండిల్‌కీ మధ్య సన్నటి ఇసుక చేరి, నాలుగు రోజులకే పెయింటు మీద గరుకు కాగితం రుద్దినట్టు గీతలు పడ్డాయి. సెన్సర్ లేని పాత కారుకైనా ఈ ఇసుక బాధ తప్పదు.

ముందు గ్రిల్లు, బ్రాండు గుర్తు విషయంలో ఇప్పటి కార్లతో ఇంకా జాగ్రత్త కావాలి. ముందు బండి దూరం చూసి తనంతట తనే వేగం తగ్గించే కార్లలో రాడార్ ఉంటుంది. అది చాలా కార్లలో ఆ గుర్తు వెనకో, కింది గ్రిల్లు వెనకో ఉంటుంది. 76, 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, దాని తరంగం పొడవు 4 మిల్లీమీటర్ల లోపే. మామూలు క్రోమ్ పొర దానికి గోడ. మరి కంపెనీ పెట్టిన గుర్తు కూడా మెరుస్తోంది కదా అంటారు. కంపెనీలు ఆ చోట రాడార్ దాటిపోయే ప్రత్యేకమైన పూత వాడతాయి. ఇండియం అనే లోహాన్ని విడివిడి చుక్కల్లా పరిచి, చూడటానికి క్రోమ్‌లా, రాడార్‌కు గాజులా ఉండేట్టు చేస్తారు. మనం బయట కొనే క్రోమ్ గుర్తుకు అది ఉండదు. దాన్ని అంటిస్తే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తే అదృష్టం. హెచ్చరిక రాకుండా చూపు మందగిస్తే, అవసరమైన క్షణంలో బ్రేకు పడకపోవచ్చు. మీ కారులో రాడార్ ఎక్కడుందో మాన్యువల్లో బొమ్మ ఉంటుంది, చూసుకుని ఆ చోటు వదిలేయండి.

వెనక లైట్ల చుట్టూ వేసే గార్నిష్‌లు, అంటే మెరిసే అలంకారపు చట్రాలు, కొన్ని లైటు అంచును అర అంగుళం కప్పేస్తాయి. ఆ అంచులో చాలాసార్లు ఎర్రటి రిఫ్లెక్టర్ ఉంటుంది. కారు ఆగిపోయి, బ్యాటరీ కూడా పోయి, చీకట్లో రోడ్డు పక్కన నిలబడి ఉన్నప్పుడు వెనక వచ్చేవాడికి మీ కారును చూపించేది ఆ రిఫ్లెక్టర్ ఒక్కటే. దాన్ని కప్పే ముక్కను నేను బిగించను. నాకు గిరాకీ పోయినా సరే.

డ్యాష్‌బోర్డు మీద, స్టీరింగ్ మధ్యలో క్రోమ్ రింగులు వద్దు. మధ్యాహ్నం ఎండ వాటి మీద పడి కంట్లో కొడుతుంది. స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి అక్కడ అంటించిన ఏ ముక్కైనా అది తెరుచుకున్నప్పుడు మొహం మీదికి ఎగిరొస్తుంది. ముందు బంపర్‌కు వేసే మెరిసే గొట్టపు గార్డు గురించి ఒక్క మాట: కారు ముందు భాగం ఎలా నలగాలో, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకోవాలో లెక్క వేసి కడతారు. ఛాసిస్‌కు బిగించిన గొట్టం ఆ లెక్కను చెడగొడుతుంది, కాలినడకన పోయేవాడికి తగిలితే దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది.

క్రోమ్ చక్రాలు కొనాలనుకునేవాళ్లు టైరు ఆనే అంచు లోపల ఎలా ఉందో అడగండి. ఆ అంచు మీద పూత పెచ్చు లేస్తే టైరు, రిమ్ము మధ్య గాలి సన్నగా పోతుంది. మేకు ఎక్కడా దొరకదు, వారానికోసారి గాలి కొట్టించుకుంటూ తిరుగుతారు. టైరు విప్పి అంచు చూస్తేనే కారణం బయటపడుతుంది.

పనికొచ్చేవాటిలోనూ పైన పటారం ఉంటుంది

"పనికొచ్చేవి" అని అమ్మేవాటిలో సగం అలంకారాలే. బానెట్ మీద అంటించే గాలి గొట్టం వెనక చిల్లు ఉండదు. బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) మీద తగిలించే ఎర్ర ప్లాస్టిక్ తొడుగు బ్రేకును బలపరచదు, పైగా వేడి బయటికి పోకుండా పట్టేస్తుంది. చిల్లుల డిస్కు బొమ్మ ఉన్న వీల్ కవర్ అంతే. ఇంజన్ దగ్గర బయటికి కనపడేలా పెట్టే గుండ్రటి ఎయిర్ ఫిల్టర్ చప్పుడు పెంచుతుంది గానీ, డబ్బాలో మూసి ఉన్న అసలు ఫిల్టర్ బయటి చల్లగాలి తీసుకుంటుంటే, ఇది ఇంజన్ వేడిగాలి పీలుస్తుంది. పైన పటారం లోన లొటారం అనేది క్రోమ్‌కు మాత్రమే వర్తించే మాట కాదు.

నిజంగా పనిచేసే వాటిలో నా వరస ఇది: ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత చూపు, అంటే వైపర్లు, లైట్లు, అద్దాలు. మిగతావన్నీ వీటి తర్వాతే. టైర్లు అరిగి ఉన్న కారుకు గార్నిష్ సెట్ అడిగితే ముందు టైరు చూపించి మాట్లాడతాను.

బ్రేకు ప్యాడ్లు కొనేటప్పుడు డబ్బా మీద, ప్యాడు వెనక ఇనుప పలక మీద గుండ్రటి గీతలో ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరం, పక్కన అంకె ఉందేమో చూడండి. ఈ1 అంటే జర్మనీలో, ఈ4 అంటే నెదర్లాండ్స్‌లో ఆమోదం పొందినట్టు. దాంతో పాటు 90ఆర్ అని ఉంటే ఆ ప్యాడు పట్టు కంపెనీ ప్యాడుకు 15 శాతం కంటే ఎక్కువ తేడా రాకూడదన్న నియమం కింద పరీక్షకు నిలిచిందని. లైట్ల మీద కూడా ఈ గుర్తు ఉంటుంది.

లైట్ల విషయంలో కాస్త లెక్క చెప్తాను, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. చాలా హెడ్‌లైట్లలో ఉండే హెచ్4 బల్బు 60/55 వాట్లు, అంటే హై బీమ్‌లో 60, లో బీమ్‌లో 55. వెలుగు చాలడం లేదని 100/90 వేస్తారు. 12 వోల్టుల మీద మామూలు బల్బులు రెండూ కలిసి హై బీమ్‌లో 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవి అదే హై బీమ్‌లో 16 దాటి లాగుతాయి. తీగ, స్విచ్చి, బల్బు వెనక హోల్డరు మొదటి లెక్కకు చేసినవి. కరిగి గోధుమరంగు తేలిన హోల్డర్లు ఎన్ని మార్చానో. పెద్ద బల్బుకు రిలే (ఎక్కువ కరెంటును స్విచ్చి మీద పడకుండా నడిపే భాగం) ఉన్న వేరే వైరింగ్, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేయాలి. హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైటు రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనక మెరిసే గిన్నె) ఎల్‌ఈడీ బల్బు పెట్టడం ఇంకో చిక్కు. ఆ రిఫ్లెక్టర్ వంపు, సన్నటి ఫిలమెంటు ఫలానా చోట వెలుగుతుందని లెక్క వేసి చేసింది. ఎల్‌ఈడీ చిప్పు ఆ చోట, ఆ ఆకారంలో లేకపోతే వెలుగు రోడ్డు మీద కంటే ఎదుటివాడి కళ్లలో ఎక్కువ పడుతుంది. నా దగ్గరికి లైట్లు చాలడం లేదని వచ్చిన కార్లకు ముందు పసుపెక్కిన హెడ్‌లైటు అద్దాన్ని రుద్ది పాలిష్ పెట్టి, బీమ్ ఎత్తు సరిచేస్తాను. చాలామందికి బల్బు మార్చే అవసరమే రాలేదు.

అల్లాయ్ వీల్స్ రెండు కోవలకీ చెందుతాయి, అందుకే చక్రాన్ని తిరగేసి వెనక రాతలు చదవాలి. బోల్టుల లెక్క, వాటి వలయం కొలత ఉంటుంది, ఉదాహరణకు 4x100 అంటే 4 బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం. ఈటీ45 లాంటి రాత ఆఫ్‌సెట్, అంటే చక్రం వెడల్పు మధ్య నుంచి అది కారుకు ఆనే చోటు ఎన్ని మిల్లీమీటర్ల దూరమో. మీది 45 అయి ఉండి 25 వేస్తే చక్రం 20 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది, బేరింగ్ మీద భారం మారుతుంది. మోయగల బరువు కిలోల్లో ఉంటుంది. కారులో ఎక్కువ బరువు మోసే ఇరుసుకు అనుమతించిన బరువులో సగం కంటే అది తగ్గకూడదు. జేడబ్ల్యూఎల్ అన్న ముద్ర జపాన్ అల్లాయ్ చక్రాల ప్రమాణానికి గుర్తు. చివరిగా నట్టు కూర్చునే గుంట శంకు ఆకారమా, బంతి ఆకారమా చూడండి. శంకు గుంటలో బంతి నట్టు బిగించినా బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ అంచు మీద మాత్రమే ఆని ఉంటుంది, కొన్నాళ్లకు వదులవుతుంది.

ఫ్లోర్ మ్యాటు చిన్న వస్తువులా కనిపిస్తుంది గానీ, ఉన్న మ్యాటు మీద ఇంకోటి వేస్తే అది ముందుకు జారి యాక్సిలరేటర్ కింద ఇరుక్కుంటుంది. ఒక్కటే వేయండి, కొక్కేలకు తగిలించండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు ఆ వైపు కుట్టు విడిపోయేలా చేసిన సీటు కవరే కొనండి.

అంటించడం, పీకడం

క్రోమ్ పట్టీ ఊడిపోయిందంటే నూటికి తొంభైసార్లు తప్పు దాని వెనకున్న జిగురు టేపుది కాదు, తుడవడంలోనే ఉంటుంది. కారు మైనం, పాలిష్ మీద ఏ టేపూ నిలవదు. సగం నీళ్లు, సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. చల్లటి పొద్దున్న కాకుండా రేకు గోరువెచ్చగా ఉన్నప్పుడు అంటించండి. ముందు టేపు మీది కాగితం రెండు చివర్లా అంగుళం మేర మాత్రమే తీసి, పట్టీని నిలబెట్టి చూసుకుని, వరస కుదిరాక మిగతా కాగితం లాగండి. బొటనవేలితో గట్టిగా, ఒక చివర నుంచి ఇంకో చివరకు నొక్కుకుంటూ పోవాలి. ఒకరోజు దాకా నీళ్లు తగలనీయొద్దు. పూర్తి పట్టు రావడానికి 3 రోజులు పడుతుంది, అప్పటిదాకా ప్రెషర్ వాష్ వద్దు.

ఇప్పటికే ఎక్కడో వేయకూడనిచోట వేసి ఉంటే కత్తితో లేపకండి. హెయిర్ డ్రయర్‌తో చెయ్యి పెట్టగలిగినంత వేడి చేసి, చేపలు పట్టే సన్నటి నైలాన్ దారాన్ని ముక్క వెనక నుంచి రంపంలా ఆడిస్తే టేపు నురుగు మధ్యలోంచి తెగుతుంది. మిగిలిన జిగురును బొటనవేలితో రుద్ది ఉండలు చేసి తీయండి.

టోపీ నట్లు ఉన్నవాళ్లు ఈ వారమే మార్చుకోండి. ఒకే లోహపు ముక్కతో చేసినవి దొరుకుతాయి, అవీ మెరుస్తాయి. మాన్యువల్లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి చూపే పానా) బిగించండి, చిన్న కార్లకు అది చాలావరకు 100 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. 100 కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి చూసుకోండి. డిక్కీలో ఉన్న పానా ప్రతి నట్టుకూ ఎక్కుతోందో లేదో, ఇంటి ముందు, వెలుతురు ఉండగానే పెట్టి చూడండి.